చంద్రగ్రహణాన్ని ఫొటో తీయడం ఎలా? విశాఖలో మేడ మీద నుంచి, పట్టు నుంచి విడుపు దాకా

"గ్రహణం ఫొటో తీస్తే తెల్లటి చుక్క ఒక్కటే వచ్చింది, ఏం చేయాలి?" గ్రహణం వెళ్లిన ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తుంది. దాని వెనకే ఇంకోటి: "ఎర్రగా మారాక తీస్తే అసలు ఏమీ పడలేదు, అంతా నలుపే."

రెండింటికీ కారణం ఒకటే. పున్నమి చంద్రుడి వెలుగుతో పోలిస్తే పూర్తిగా నీడలో మునిగిన చంద్రుడి వెలుగు వేల రెట్లు తక్కువ. కెమెరా లెక్కలో చెప్పాలంటే దాదాపు 13 స్టాప్‌ల తేడా (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడమో, సగమవడమో). అదంతా గంటా పది నిమిషాల్లో జరిగిపోతుంది. ఆటో మోడ్ దీన్ని అందుకోలేదు. సెట్టింగులు మనమే చేత్తో మారుస్తూ పోవాలి. అలా మార్చడం ముందే చేతికి అలవాటైతే మామూలు జూమ్ లెన్స్‌తో కూడా మంచి ఫొటోలు వస్తాయి. కాబట్టి ఇందులో ఎక్కువ భాగం గ్రహణానికి ముందు చేయాల్సిన పనుల గురించే ఉంటుంది.

## 1. ముందుగా వేళలు రాసుకోండి

పంచాంగంలో గ్రహణానికి ఐదు వేళలు ఇస్తారు: స్పర్శ, నిమీలనం, మధ్య, ఉన్మీలనం, మోక్షం. ఫొటోలు తీసేవాళ్లకు ఇంతకంటే మంచి టైమ్‌టేబుల్ దొరకదు. స్పర్శతో నీడ అంచు చంద్రుణ్ణి తాకుతుంది. నిమీలనానికి పూర్తిగా మునుగుతాడు. ఉన్మీలనానికి తిరిగి వెలుగు అంచు బయటికి వస్తుంది. మోక్షంతో నీడ వదిలేస్తుంది.

విశాఖ నుంచి మొదటి నుంచి చివరి దాకా కనిపించే సంపూర్ణ గ్రహణం 2028 డిసెంబర్ 31 రాత్రి ఉంది. భారత కాలమానంలో వేళలు, నిమిషం అటూఇటూగా:

- స్పర్శ: రాత్రి 8:37
- నిమీలనం: 9:46
- మధ్య: 10:22
- ఉన్మీలనం: 10:58
- మోక్షం: 12:06

అదే ఏడాది జులై 6 రాత్రి పాక్షిక గ్రహణం ఉంది. పదిన్నర దాటాక మొదలై ఒంటిగంటకు వదులుతుంది. జులై అంటే వానాకాలం, మబ్బులు అడ్డుపడొచ్చు. అయినా ట్రైపాడ్ వేసి కూర్చోండి. మబ్బుల సందులో పది నిమిషాలు కనిపించినా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి తీసుకునే వెలుగు మోతాదు) ఎలా మారుతుందో తెలిసిపోతుంది.

ఆ తర్వాత 2029 డిసెంబర్ 21 తెల్లవారుజామున మరో సంపూర్ణ గ్రహణం. నిమీలనం 3:44కు, ఉన్మీలనం 4:38కి.

## 2. చోటు: బీచా, మేడా?

విశాఖ అనగానే అందరూ సముద్రం మీద ఎర్ర చంద్రుణ్ణి ఊహించుకుంటారు. 2028 డిసెంబర్ 31న అది కుదరదు. స్పర్శ సమయానికే చంద్రుడు తూర్పున 40 డిగ్రీలకు పైగా ఎక్కి ఉంటాడు. గ్రహణ మధ్యకు 67 డిగ్రీల ఎత్తున, మోక్షానికి దాదాపు నడినెత్తిన ఉంటాడు. జూమ్ లెన్స్‌లో చంద్రుడు ఉంటే సముద్రం ఉండదు, సముద్రం ఉంటే చంద్రుడు ఉండడు.

పైగా అది కొత్త సంవత్సరం రాత్రి. ఆర్కే బీచ్‌లో జనం, బీచ్ రోడ్డులో ట్రాఫిక్ ఆంక్షలు, దీపాల వెలుగు, పన్నెండు కొట్టగానే టపాసుల పొగ. ట్రైపాడ్ కాలు ఎవరో ఒకరు తన్నకుండా నాలుగు గంటలు గడవడం కష్టం. అందుకే నా మాట: ఈ గ్రహణానికి మీ ఇంటి మేడే మేలు. చంద్రుడు అంత ఎత్తున ఉన్నప్పుడు పక్క బిల్డింగులు కూడా అడ్డురావు.

అపార్ట్‌మెంట్ అయితే టెర్రస్ తాళం సంగతి ఒకరోజు ముందే వాచ్‌మన్‌తో మాట్లాడుకోండి. ఆ రాత్రి అదే మేడ మీద న్యూ ఇయర్ పార్టీ పెట్టుకున్నారేమో కూడా కనుక్కోండి. పార్టీ లైట్లతో పాటు, పాటకు గెంతే కాళ్లకు స్లాబ్ అదరడం కూడా ఫొటోను పాడుచేస్తుంది. నీళ్ల ట్యాంకు మోటారు నడిచేటప్పుడూ అంతే. మోటారు ముందే వేయించుకోండి.

ఊరి బయటికే వెళ్లాలనుకుంటే రుషికొండ దాటి భీమిలి వైపు చీకటి ఎక్కువ. కైలాసగిరి, తొట్లకొండ లాంటివి రాత్రి మూసేస్తారు కాబట్టి వేళలు ముందే తెలుసుకోండి. యారాడ, డాల్ఫిన్స్ నోస్ వైపు నేవీ ప్రాంతాల దగ్గర రాత్రిపూట పొడవాటి లెన్స్‌తో నిలబడొద్దు. భద్రతా సిబ్బంది వచ్చి అడుగుతారు, అడగడం వాళ్ల బాధ్యత.

నేల మీది దృశ్యం కూడా ఫ్రేములో కావాలనుకునేవాళ్లు 2029 గ్రహణానికి సిద్ధపడండి. అప్పుడు సంపూర్ణ దశలో చంద్రుడు పడమట సుమారు 36 డిగ్రీల నుంచి 24 డిగ్రీలకు దిగుతూ ఉంటాడు. కొండ అంచునో గోపురాన్నో కింద పెట్టి 35 నుంచి 50 ఎంఎం లెన్స్‌తో తీయొచ్చు. అందుకు సముద్రానికి వీపు పెట్టి, కొండల వైపు తిరిగి నిలబడాలి.

## 3. సామాను

ఖరీదైనది ఏదీ తప్పనిసరి కాదు. గట్టి ట్రైపాడ్ మాత్రం ఉండాలి. లెన్స్ కోసం పెట్టే డబ్బులో కొంత ముందు దానికే పెట్టండి.

చంద్రుడు సెన్సర్ మీద ఎంత పడతాడో తెలుసుకోవడానికి ఒక తేలిక లెక్క ఉంది. ఫోకల్ లెంగ్త్‌ను 110తో భాగించండి. 250 ఎంఎం లెన్స్‌తో 2.3 మిల్లీమీటర్ల చంద్రుడు వస్తాడు. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సి (మధ్యస్థ సైజు సెన్సర్) కెమెరాలో అది 600 పిక్సెళ్లకు కాస్త అటూఇటూ. క్రాప్ చేసి చూసుకోవడానికీ, చిన్న ప్రింటుకీ చాలు. కాబట్టి 55-250, 70-300 లాంటి లెన్స్ ఉంటే నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు.

నికాన్ పీ900 లాంటి బ్రిడ్జ్ కెమెరాలు (లెన్స్ మార్చలేని, పెద్ద జూమ్ ఉన్నవి) ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. పూర్తి జూమ్‌లో చంద్రుడు ఫ్రేము ఎత్తులో నాలుగింట మూడొంతులు నిండిపోతాడు, నిమిషం తిరిగేసరికి అంచుకు జరిగిపోతాడు. సంపూర్ణ దశలో సగం జూమ్‌కు తగ్గించుకోండి.

తీసుకెళ్లాల్సినవి:

- కెమెరా, జూమ్ లెన్స్, లెన్స్ హుడ్
- ట్రైపాడ్, ప్లేటు బిగించే స్క్రూకి సరిపడే నాణెం
- రిమోట్ షట్టర్ (లేకపోతే 2 సెకన్ల టైమర్)
- రెండు బ్యాటరీలు, రెండూ ఫుల్ ఛార్జ్
- ఖాళీ మెమరీ కార్డు
- ఎర్ర కాగితం అంటించిన చిన్న టార్చి
- మెత్తటి పొడిబట్ట, గాలి కొట్టే రబ్బరు బ్లోయర్
- పేపర్ టేపు
- వేళలు, సెట్టింగులు రాసిన కాగితం
- చాప, నీళ్లు, పలుచటి స్వెటర్

సూర్యగ్రహణానికి వాడే ఫిల్టర్ దీనికి అక్కర్లేదు. కంటితో, బైనాక్యులర్‌తో, లెన్స్‌తో నేరుగా చూడొచ్చు.

లెన్స్ మీద యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి. చీకట్లో వెలిగే చంద్రుడు ఆ గాజులో ప్రతిఫలించి ఫ్రేములో అవతలి వైపు చిన్న పచ్చటి రెండో చంద్రుడిలా పడతాడు. తీసేటప్పుడు స్క్రీన్ మీద సరిగ్గా తెలియదు, ఇంటికెళ్లి కంప్యూటర్‌లో చూస్తే అన్ని ఫొటోల్లోనూ ఉంటుంది.

## 4. రిహార్సల్ లేకుండా వెళ్లొద్దు

గ్రహణానికి ముందు వచ్చే ఏ పున్నమికైనా, లేదా ఒకటి రెండు రోజుల ముందు, అదే మేడ మీద అదే ట్రైపాడ్‌తో గంటసేపు పనిచేయండి. ఇందులో చూసుకోవాల్సింది ముఖ్యంగా నడినెత్తి సమస్య.

చాలా ట్రైపాడ్ తలలు 60 డిగ్రీలు దాటి పైకి లేవవు. హ్యాండిల్ కాలికి తగులుతుంది, లేదా లెన్స్ బరువుకు మెల్లగా కిందికి జారుతుంది. ఇది గ్రహణం రాత్రి 10 గంటలకు తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఉపాయాలు రెండు. మూడు వైపులా తిప్పే పాన్ హెడ్ అయితే కెమెరా ముందువైపు వెనక్కి వచ్చేలా తిప్పి బిగించండి. కిందికి ఎక్కువ వంగే తల అప్పుడు పైకి ఎక్కువ లేస్తుంది. బాల్ హెడ్ (గుండు మీద ఎటైనా తిరిగే తల) అయితే పక్కన ఉండే గాడిలోకి వంచి, కెమెరాను నిలువుగా పెట్టండి. రెండు పద్ధతుల్లోనూ లెన్స్ బరువు ఒక ట్రైపాడ్ కాలి మీదుగా పడేట్టు తిప్పుకోండి. లేకపోతే మొత్తం వాలిపోయే ప్రమాదం ఉంది.

మధ్యలో ఉండే కడ్డీ పైకి లేపొద్దు. కాళ్లు పొట్టిగా పెట్టి, మీరు చాప మీద కూర్చోండి. స్క్రీన్ తిరిగే కెమెరా అయితే మెడకు హాయి. అలా తిరగనిది అయితే ఫోన్‌ను కెమెరాకు వైఫైతో కలిపి అందులో చూసుకోవచ్చు. ఆ కలపడం కూడా రిహార్సల్ రోజే చేసి చూడండి.

చీకట్లో బటన్లు చూడకుండా ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే తీవ్రత), షట్టర్ స్పీడ్ (వెలుగును లోపలికి వదిలే సమయం) మార్చగలిగే దాకా చేయండి. ఆ రాత్రికి కొత్త విషయం ఏదీ మిగలకూడదు.

## 5. ఆ సాయంత్రం

వాతావరణం కోసం విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్లు, వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రాలు చూడండి. డిసెంబర్ చివర్లో మన దగ్గర ఆకాశం చాలావరకు తేటగా ఉంటుంది. పలుచటి మబ్బు ఉన్నా మానేయకండి.

ఇంట్లో పెద్దవాళ్లు గ్రహణ నియమాలు పాటిస్తుంటే మీ ప్రణాళిక రెండు రోజుల ముందే చెప్పండి. చాలా ఇళ్లలో పట్టుకు ముందే భోజనాలు ముగిస్తారు, విడుపు స్నానం అయ్యేదాకా పొయ్యి వెలిగించరు. కాబట్టి ఏడున్నరకల్లా తినేసి మేడ ఎక్కడం అందరికీ సుఖం. మోక్షం తర్వాత కిందికి దిగి, సామాను సర్ది, ఆ తర్వాతే స్నానానికి వెళ్లండి. తడి చేతులతో కెమెరా సర్దొద్దు.

ఇక తేమ. మన ఊళ్లో కెమెరాకు పెద్ద శత్రువు ఇదే. ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తెస్తే లెన్స్ మీద క్షణాల్లో ఆవిరి కమ్ముకుంటుంది. అరగంట ముందే ఏసీ లేని గదిలో, బ్యాగు జిప్పు తీయకుండా ఉంచండి. ఆ తర్వాత మేడ మీద మరో పావుగంట. అప్పుడు బయటికి తీయండి.

రాత్రి పదకొండు దాటాక మంచు పడుతుంది. పైకి చూస్తున్న లెన్స్ మీద నేరుగా వాలుతుంది కాబట్టి హుడ్ తప్పనిసరి. పావుగంటకోసారి ఎర్ర టార్చితో లెన్స్‌ను పక్కనుంచి చూడండి. తడి కనిపిస్తే రుద్దకుండా బ్లోయర్‌తో గాలి కొట్టండి. అయినా పోకపోతేనే పొడిబట్టతో మెల్లగా అద్దండి.

## 6. ఫోకస్ ముందే బిగించేయండి

స్పర్శకు ముందు, చంద్రుడు నిండుగా వెలుగుతున్నప్పుడే ఈ పని అయిపోవాలి.

1. కావలసిన జూమ్‌కు లెన్స్‌ను తెచ్చుకోండి. తర్వాత జూమ్ మారిస్తే ఫోకస్ కూడా మారుతుంది.
2. ఆటోఫోకస్ తీసేసి మాన్యువల్‌లో పెట్టండి.
3. లైవ్ వ్యూలో (స్క్రీన్ మీద నేరుగా చూసే పద్ధతి) చంద్రుడి అంచును పది రెట్లు పెద్దది చేసుకోండి.
4. రింగును అంచు పదునుగా కనిపించే చోటు దాటించి, మళ్లీ వెనక్కి తెచ్చి, ఆ రెండింటి మధ్య ఆపండి. అనంతం గుర్తును నమ్మొద్దు. చాలా జూమ్‌లు దాన్ని దాటి తిరుగుతాయి.
5. రింగు మీద పేపర్ టేపు అంటించండి.
6. ట్రైపాడ్ మీద ఉంది కాబట్టి ఇమేజ్ స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆపేయండి.

రాత్రి చల్లబడేకొద్దీ ఫోకస్ కొంచెం జరగొచ్చు. సంపూర్ణ దశలో దగ్గర్లోని ఒక నక్షత్రం మీద మళ్లీ సరిచూసుకోండి. 2028 గ్రహణంలో చంద్రుడు మిథున రాశి వైపు ఉంటాడు. ఒక పక్క ఎర్రటి ఆర్ద్ర, మరో పక్క పునర్వసు జంట నక్షత్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. వాటిలో ఒకదాన్ని వాడుకోండి. చూసుకున్నాక లెన్స్‌ను మళ్లీ చంద్రుడి మీదికి తేవడం చీకట్లో కాస్త ఆలస్యమవుతుంది, తొందరపడకండి.

## 7. ఎక్స్‌పోజర్: అసలు పని ఇక్కడే

మాన్యువల్ మోడ్, రా (RAW) ఫార్మాట్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) పగటి వెలుతురు దగ్గర. ఈ మూడూ గ్రహణం పొడుగునా మార్చొద్దు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే కెమెరా ఆ ఎరుపును తప్పనుకుని తగ్గించేస్తుంది.

మొదలుపెట్టడానికి ఇవి వాడండి (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది):

- నిండు చంద్రుడు: ఐఎస్ఓ 100, ఎఫ్/8, సెకనులో 250వ వంతు
- పావు మునిగాక: ఐఎస్ఓ 100, ఎఫ్/8, 125వ వంతు
- సగం మునిగాక: ఐఎస్ఓ 200, ఎఫ్/8, 125వ వంతు
- ముప్పావు మునిగాక: ఐఎస్ఓ 200, ఎఫ్/8, 60వ వంతు
- సన్నటి వెలుగు గీత మిగిలాక: ఐఎస్ఓ 400, ఎఫ్/5.6, 30వ వంతు
- సంపూర్ణ దశ: ఐఎస్ఓ 1600 నుంచి 3200, ఎఫ్/5.6, అర సెకను నుంచి ఒక సెకను

ఇవి వెలుగున్న భాగానికి సరిపోయే లెక్కలు. నీడ పడిన భాగం నల్లగానే వస్తుంది, అది సహజం. ప్రతి ఐదు నిమిషాలకూ ఒకసారి, ఒక స్టాప్ తక్కువ, సరైనది, ఒక స్టాప్ ఎక్కువ, ఇలా మూడు తీయండి.

స్క్రీన్ మీద ఫొటో చూసి తృప్తి పడొద్దు. చీకటికి అలవాటైన కంటికి నల్లటి ఫొటో కూడా వెలుగ్గా కనిపిస్తుంది. స్క్రీన్ వెలుగు తగ్గించి, హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు చూపే గ్రాఫు) చూడండి. కుడి అంచుకు తగలకుండా, దానికి దగ్గరగా గ్రాఫు ఆగాలి.

నిమీలనానికి ముందు పదిహేను నిమిషాలు, అంటే సుమారు 9:30 నుంచి 9:46 దాకా, మీరు టీ తాగడానికి దిగకూడని సమయం. ఒక అంచున తెల్లటి వెలుగు, మిగతా ఒళ్లంతా రాగి రంగు, రెండింటి మధ్య ఒక్కోసారి లేత నీలం పట్టీ. ఆ నీలం భూమి చుట్టూ ఉన్న ఓజోన్ పొర గుండా వచ్చిన వెలుగుది. కంటికి అన్నీ కలిసి కనిపిస్తాయి. కెమెరాకు ఒక్క ఫొటోలో పట్టవు.

అందుకని ఇక్కడ ఐఎస్ఓ 800, ఎఫ్/5.6 దగ్గర ఉంచి షట్టర్ స్పీడ్ మాత్రం మారుస్తూ వరసగా తీయండి: 60వ వంతు, 15వ వంతు, 4వ వంతు, 1 సెకను. నాలుగూ అయ్యాక నిమిషం ఆగి మళ్లీ అదే వరస. మొదటి దాంట్లో తెల్లటి అంచు నిలుస్తుంది, చివరి దాంట్లో రాగి రంగు నిలుస్తుంది, మధ్యవాటిలో నీలం చిక్కే అవకాశం ఎక్కువ. ఉన్మీలనం తర్వాత పదిహేను నిమిషాలూ ఇదే పని.

## 8. సంపూర్ణ దశలో ఒక సెకను దాటొద్దు

చీకటిగా ఉంది కదా అని నాలుగు సెకన్లు తెరిచి ఉంచితే చంద్రుడు కోడిగుడ్డులా సాగిపోతాడు. భూమి తిరుగుడు వల్ల ఆకాశం ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. 200 ఎంఎం లెన్స్‌కు 1 సెకను, 300కు ముప్పావు సెకను, 600కు అర సెకను దాటకుండా చూసుకోండి. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ పెంచండి. దానివల్ల ఫొటోలో వచ్చే రవ్వల్లాంటి మచ్చలు తర్వాత తగ్గించుకోవచ్చు, సాగిపోయినదాన్ని సరిచేయలేం.

ఎంత చీకటి అవుతుందనేది గ్రహణం గ్రహణానికీ మారుతుంది. మన వాతావరణంలో దుమ్ము, అగ్నిపర్వతాల బూడిద ఎక్కువగా ఉంటే చంద్రుడు దాదాపు మాయమవుతాడు. లేకపోతే నారింజ రంగులో మెరుస్తాడు. 2028లో చంద్రుడు నీడ మధ్యకు కొంచెం ఉత్తరంగా వెళ్తాడు కాబట్టి ఉత్తరపు అంచు మిగతా భాగం కంటే వెలుగ్గా ఉంటుంది. ఆ అంచు తెల్లబోకుండా చూసుకుంటే చాలు. మీ కెమెరాలో రంగుల వారీ హిస్టోగ్రామ్ ఉంటే ఎరుపును విడిగా చూడండి. ముందుగా కుడి అంచుకు తగిలేది అదే.

మధ్యకాలం చుట్టూ, 10:15 నుంచి 10:30 మధ్య, ఒకే సెట్టింగులో ఇరవై ఫొటోలు వరసగా తీసి పెట్టుకోండి. ఎందుకో చివర్లో చెబుతాను.

## 9. ఫోన్ ఒక్కటే ఉంటే

ఫోన్లు చంద్రుణ్ణి గుర్తుపట్టి తమంతట తామే మెరుగులు దిద్దుతాయి. గ్రహణ సమయంలో ఆ మెరుగుల వల్ల లేని గీతలు రావొచ్చు. ప్రో మోడ్‌లోకి వెళ్లి, టెలిఫొటో లెన్స్‌తో ఐఎస్ఓ 50, సెకనులో 500వ వంతు దగ్గర మొదలుపెట్టండి. ఫోన్‌కు కూడా స్టాండు కావాలి.

ఇంతకంటే మంచి ఫలితం కావాలంటే 10 రెట్ల బైనాక్యులర్‌ను ట్రైపాడ్‌కు కట్టి, దాని కంటి దగ్గరి గాజుకు ఫోన్ కెమెరాను ఆనించండి. మధ్యలో వెలుగు దూరకుండా చేతి రుమాలు చుట్టండి.

## 10. గొలుసు ఫొటో

ఒకే ఫ్రేములో చంద్రుడి దశలన్నీ వరసగా కావాలనుకుంటే రెండో కెమెరాయో ఫోనో కావాలి. స్పర్శ నుంచి మోక్షం దాకా చంద్రుడు ఆకాశంలో దాదాపు 50 డిగ్రీలు జరుగుతాడు. ఫుల్ ఫ్రేము (పెద్ద సెన్సర్) కెమెరాలో 24 ఎంఎం లెన్స్ ఆ దారికి సరిపోతుంది. కింద కొబ్బరిచెట్టో ఇంటి కప్పో కూడా కావాలంటే 16 ఎంఎం, కెమెరా నిలువుగా.

- ఐదు నిమిషాలకు ఒకటి చొప్పున తీయండి. అంతకంటే దగ్గరగా తీస్తే చంద్రుళ్లు కిక్కిరిసిపోతారు.
- ట్రైపాడ్ అంగుళం కూడా కదలకూడదు.
- ఎక్స్‌పోజర్ ఏడో అంశంలోని జాబితా ప్రకారమే మార్చండి.
- కింది దృశ్యాన్ని సంధ్యవేళ, 5:45 ప్రాంతంలో, అదే ఫ్రేముతో విడిగా తీసి ఉంచుకోండి.

## 11. ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్ని ఫొటోలూ కాస్త మసకగా ఉన్నాయి. ఫోకస్, వణుకు, తేమ, ఈ మూడింటిలో ఒకటి. ఒకే దిక్కుకు సాగినట్టుంటే వణుకు. అంచు చుట్టూ ఒకేలా మెత్తగా ఉంటే ఫోకస్. చంద్రుడి చుట్టూ పాలలాంటి వెలుగు వలయం ఉంటే లెన్స్ మీద తడి, లేదా పలుచటి మబ్బు.

డీఎస్ఎల్ఆర్‌లో 15వ వంతు నుంచి 1 సెకను మధ్య ఫొటోలే చెడుతున్నాయి. అద్దం లేచేటప్పుడు వచ్చే అదురు అది. మిర్రర్ లాకప్ (అద్దాన్ని ముందే లేపి ఉంచే సెట్టింగు) పెట్టండి, లేదా లైవ్ వ్యూలో తీయండి.

బీచ్‌లో తీస్తే ట్రైపాడ్ కుంగుతోంది. కాళ్ల కింద మూడు పెంకు ముక్కలో పలకలో పెట్టండి. గాలికి ఊగకుండా బ్యాగును మధ్యలో నేలకు తగిలేట్టు వేలాడదీయండి.

బ్యాటరీ మధ్యలో అయిపోయింది. లైవ్ వ్యూ నిరంతరం వదిలేస్తే అంతే. నిమీలనం ముందర, బ్యాటరీలో సగం ఉన్నా సరే, కొత్తది వేసేయండి.

## 12. తర్వాత

మోక్షం అయ్యాక నిండు చంద్రుణ్ణి మరోసారి మొదటి సెట్టింగుతో తీసి ముగించండి. మొదటి ఫొటోతో పోల్చి చూస్తే రాత్రంతా ఫోకస్ నిలిచిందో లేదో తెలుస్తుంది.

సంపూర్ణ దశలో తీసిన ఇరవై ఫొటోల్లో పదునైనవి పన్నెండో పదిహేనో ఏరి, ఆటోస్టాకర్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చండి. ఐఎస్ఓ 3200 మచ్చలు చాలావరకు పోయి, రంగు నున్నగా వస్తుంది. రా ఫైళ్లను అది నేరుగా తీసుకోకపోతే ముందు టిఫ్‌లోకి మార్చండి. ఎరుపును మరీ పెంచకండి. మీరు కంటితో చూసిన రంగు గుర్తుండగానే, అంటే మర్నాడే, ఈ పని చేయడం మంచిది.

బీచ్‌కు వెళ్లి ఉంటే ఆ రాత్రే ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా లాగి, మంచినీళ్లలో తడిపి పిండిన బట్టతో తుడిచి, విప్పే ఉంచి ఆరబెట్టండి. కెమెరా పైభాగాన్నీ అలాగే తుడవండి. ఉప్పుగాలి రెండు రోజుల్లో స్క్రూలకు తుప్పు పట్టిస్తుంది. బ్యాగులో కొత్త సిలికా జెల్ పొట్లాలు వేసి, కార్డులోని ఫైళ్లు రెండు చోట్ల కాపీ అయ్యేదాకా కార్డును ఫార్మాట్ చేయకండి.